కందుకూరు ఏ జిల్లా తాతా?

జ్ఞాపకశక్తి, ప్రవర్తనల్లో వచ్చే తేడాలు చూసే బిహేవియరల్ న్యూరాలజీ పోస్టింగ్‌లో నాకది నాలుగో రోజు. కందుకూరులో మతిమరుపు క్యాంపు అన్నారు, తెల్లారకముందే వ్యాన్ ఎక్కించారు, ఒక బడి ఆవరణలో వేపచెట్టు కింద కుర్చీ వేసి కూర్చోబెట్టారు. చేతిలో ఎంఎంఎస్‌ఈ ఫారం. మతి ఎంత పదునుగా ఉందో చూడ్డానికి 1975లో అమెరికా డాక్టర్లు తయారుచేసిన పరీక్ష అది. 30 మార్కులు. 24కి తగ్గితే అనుమానించాలి.

మొదట వచ్చిన తాతకు ఎనభై ఏళ్లు. కళ్లజోడు ఎక్కడ పెట్టిందీ మర్చిపోతున్నాడని కోడలు తీసుకొచ్చింది.

"ఇప్పుడు ఏ సంవత్సరం తాతా?"

"శోభకృత్."

ఫారంలో 2023 అని ఉండాలి. మార్కు కొట్టేశాను. తేదీ అడిగితే, "నిన్న తొలి ఏకాదశి, ఈరోజు ద్వాదశి" అన్నాడు. అదీ కొట్టేశాను. కాలం అడిగితే ఎండాకాలమన్నాడు. జూన్ 30న ఎండాకాలమేంటని అదీ పోయింది. ఇక్కడ అసలు వానలు అక్టోబరు వచ్చాకే అన్న సంగతి, వీపుకు అతుక్కుపోయిన చొక్కా చెబుతున్నా నా చెవికెక్కలేదు.

"ఇది ఏ ఆస్పత్రి?"

"ఆస్పత్రేంది నాయనా, బడి."

"ఎన్నో అంతస్తులో ఉన్నాం?"

తాత తలెత్తి వేపకొమ్మల్లోకి చూశాడు. తర్వాత కోడలి వైపు చూశాడు. ఫారంలో ఉన్న ప్రశ్నే అడిగాను, నేనేం చెయ్యను?

"సరే. ఏ జిల్లా?"

"నెల్లూరు."

ఇక్కడ నేను జాలిగా నవ్వాను. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతోంది. మాది గుంటూరు. ఆరో తరగతిలో పటం గీసి, రంగులేసి, కందుకూరు ప్రకాశం జిల్లా అని బట్టీపట్టినవాణ్ణి. పైగా నా నెత్తి మీద మా ఆస్పత్రి బ్యానర్ కూడా 'కందుకూరు, ప్రకాశం జిల్లా' అని మూరెడు అక్షరాలతో వేలాడుతోంది. సాయం చెయ్యకూడదని నియమం ఉన్నా, "బాగా ఆలోచించు తాతా" అన్నాను.

"ఆలోచించేదేముంది? నేను పుట్టింది ఈ ఊళ్లోనే, నెల్లూరు జిల్లాలో. 70లో ఒంగోలు జిల్లా అన్నారు. రెండేళ్లకు ప్రకాశం పంతులు పేరు పెట్టారు. నిరుడు ఏప్రిల్లో మళ్లీ నెల్లూరన్నారు. నేను మాత్రం మంచం గూడా జరపలేదు. నీకు ఏది కావాలో అది రాసుకో."

సున్నా వేశాను.

వందలోంచి ఏడేడు తీయమంటే 93, 86, 79, 72, 65 అని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. పొగాకు వేలంలో ఏళ్ల తరబడి నిలబడ్డ మనిషట. గుర్తుపెట్టుకోమన్న మూడు మాటల్లో ఒకటి మాత్రం నిజంగానే మర్చిపోయాడు. మొత్తం 23. అనుమానితుల దొంతరలో పెట్టాను.

క్యాంపుకు మమ్మల్ని తీసుకొచ్చిన మేడమ్ ఆ కాగితం తీసి, పదిమందిలో గట్టిగా చదివింది. "నువ్వు చెప్పు, ఇది ఏ జిల్లా?"

"ప్రకాశం, మేడమ్."

క్యూలో ముసలివాళ్లంతా ఒక్కసారిగా నవ్వారు. కర్ర పట్టుకున్న అవ్వ కూడా. మేడమ్ మాత్రం జవాబు చెప్పేముందు ఫోన్‌లో చూసుకుంది, నేను చూశాను. ఆ బ్యానర్ 2021 క్యాంపుదట, కొత్తదానికి బిల్లు పాస్ కాలేదట. ఆ ముక్క నాకెవరూ చెప్పలేదు.

సాయంత్రం బ్యానర్ విప్పి మడతపెట్టే పని నాకే పడింది. ఎటు మడిచినా 'ప్రకాశం జిల్లా' పైకే వస్తోంది.