హీరోకి అరవై దాటాయి, దెబ్బలో బలం ఎక్కడిది?

2023 సంక్రాంతికి ఒక్క రోజు తేడాతో రెండు పెద్ద సినిమాలు వచ్చాయి. జనవరి 12న ‘వీరసింహారెడ్డి’, 13న ‘వాల్తేరు వీరయ్య’. అప్పటికి బాలకృష్ణకు 62 ఏళ్లు, చిరంజీవికి 67. రెండింటిలోనూ హీరోయిన్ శ్రుతి హాసనే. చిరంజీవితో సమానంగా కెరీర్ నడిపిన కమల్ హాసన్‌కి ఆమె కూతురు. రెండూ ఒకే నిర్మాణ సంస్థ సినిమాలు, రెండూ ఆడాయి.

ఆ పండక్కి మా అన్నయ్య కొడుకుని వెంటబెట్టుకుని హాలుకి వెళ్లాను. వాడికి పదేళ్లు. తెర మీద పది మంది రౌడీలు గాల్లోకి లేచి పడుతుంటే నా చెవి దగ్గరికి వంగి అడిగాడు: “బాబాయ్, ఆయన తాతయ్య వయసు కదా, అంత బలం ఎలా వచ్చింది?” వాడు ఎగతాళికి అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. నాకు జవాబు తోచలేదు. కానీ మన యాక్షన్ సినిమాలన్నిటినీ అడగాల్సిన ప్రశ్న అదేనని ఆ తర్వాత చాలాసార్లు అనిపించింది.

పెద్ద వయసు హీరో మనకి కొత్తేమీ కాదు. ‘అడవి రాముడు’ వచ్చిన 1977లో ఎన్టీఆర్‌కి 54 నడుస్తోంది. 1972లో ‘బడిపంతులు’లో ఆయనకు మనవరాలిగా చేసిన శ్రీదేవి, ఏడేళ్లు తిరక్కుండానే ‘వేటగాడు’లో ఆయన పక్కన హీరోయిన్ అయింది. ఆయనకు 56, ఆ అమ్మాయికి అటూ ఇటుగా 16. ఇవాళ ఆ అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే మనసుకి కష్టంగా ఉంటుంది. అప్పటి ప్రేక్షకులు మాత్రం ఆ సినిమాని నెత్తిన పెట్టుకున్నారు.

ఆ ఎన్టీఆరే 1980 నుంచి ఇంకో దారి కూడా పట్టారు. ‘సర్దార్ పాపారాయుడు’లో తండ్రీ ఆయనే, కొడుకూ ఆయనే. అండమాన్ జైల్లో ఏళ్ల తరబడి మగ్గి, ముసలితనంలో తిరిగొచ్చిన స్వాతంత్ర్య సమరయోధుడు ఒకడు. శ్రీదేవితో పాటలు పాడుకునే ఇన్‌స్పెక్టర్ మరొకడు. మరుసటి ఏడాది ‘కొండవీటి సింహం’లోనూ తండ్రీకొడుకులు ఆయనే. ప్రేమ, పాటలు, షోకు కొడుకు వంతు. పౌరుషం, బాధ, మాట బరువు తండ్రి వంతు. ఈ సినిమాల పేరెత్తగానే ఎవరికైనా గుర్తొచ్చేది నెరిసిన జుట్టు తండ్రే. కొడుకు పాత్ర గురించి అడిగితే కాస్త ఆలోచించాలి.

హీరో వయసు సమస్యకి తెలుగు సినిమా కనిపెట్టుకున్న మందు ఇదేనని నా అభిప్రాయం. మనిషిని రెండుగా చీల్చి, వయసుని ఒకరికి, సరదాని ఇంకొకరికి పంచారు. నలభై ఏళ్ల తర్వాత ‘వీరసింహారెడ్డి’ చేసింది కూడా అదే. ‘అఖండ’లో అయితే ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. రైతుగా కనిపించే తమ్ముడికి పాటలూ పెళ్లీ ఉన్నాయి. అఘోరా అన్నకి అవేమీ లేవు, తెర మీదికి వచ్చేదే ఇంటర్వెల్ దగ్గర. అయినా సినిమా ఆ గడ్డపాయనదే అయింది. ఆ పాత్రలో బాలకృష్ణ కుర్రాడిలా కనిపించాల్సిన అవసరం లేదు. బలం ఎక్కడిదంటే శివుడు ఇచ్చాడు. మా వాడికి ఆ జవాబు సరిపోయేది.

వయసుని దాచని సినిమాకి కథే బలాన్ని అరువిస్తుంది. దేవుడి నుంచో, గతం నుంచో, పోగొట్టుకున్న మనిషి నుంచో తెచ్చిస్తుంది. ‘జైలర్’లో 72 ఏళ్ల రజనీకాంత్ రిటైరైన ఉద్యోగి, ఇంట్లో మనవడితో కాలక్షేపం చేసే తాత. సినిమా మొత్తంలో ఆయన చేసే ఫైట్లు తక్కువే. ఇంటి మీదికి రౌడీలు వచ్చినప్పుడు కూడా కుర్చీలోంచి కదలకుండానే పని అయిపోతుంది, ఎక్కడో మాటు వేసిన తుపాకులు ఆయన తరఫున మాట్లాడతాయి. ఈయన ఒకప్పుడు ఎవరో మనకి ముక్కలు ముక్కలుగా తెలుస్తుంటే భయం దానంతటదే పుడుతుంది. ‘విక్రమ్’లో కమల్ కూడా తాతే. గుండె జబ్బుతో ఉన్న పసివాడిని కాపాడుకోవాలన్న తపనే ఆయన తుపాకీ వెనుక ఉన్నది. ఈ రెండు సినిమాలకూ తెలుగు రాష్ట్రాల్లో జనం బాగా వచ్చారు.

‘కల్కి 2898 ఏడీ’లో అమితాబ్ బచ్చన్ అశ్వత్థామ అయ్యారు. అప్పటికి ఆయనకు 81. ప్రభాస్‌ని ఎత్తి కుదేస్తుంటే హాల్లో ఎవరూ నవ్వలేదు. మహాభారతం విన్నవాళ్లకి ఆ మనిషి వయసు వేల ఏళ్లు. ముడతలు ఎంత కనబడితే పాత్రకి అంత నప్పుతుంది. దర్శకుడు నాగ్ అశ్విన్ చేసిన చాలా తెలివైన పనుల్లో అదొకటని నేను నమ్ముతాను.

అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసింది వెంకటేష్ ‘నారప్ప’. తమిళ ‘అసురన్’లో ఆ పాత్ర చేసినప్పుడు ధనుష్‌కి 36. పెళ్లీడు కొడుకున్న తండ్రిగా కనిపించడానికి ఆయన వేషం వేసుకోవాల్సి వచ్చింది. వెంకటేష్‌కి 60, వేషం అక్కర్లేదు. కొడుకు ప్రాణం కోసం ఊరివాళ్లందరి కాళ్ల మీద పడే తండ్రి ఆయన ఒంట్లోనే ఉన్నాడు. అందుకే ఆ మనిషి కత్తి పట్టిన క్షణంలో అంత పట్టు వచ్చింది. తీరా ఫ్లాష్‌బ్యాక్ మొదలై ఆయనే యువకుడిగా కనిపించేసరికి ఆ పట్టు జారిపోయింది. ఒకే సినిమాలో, ఒకే నటుడిలో, వయసుని ఒప్పుకున్న భాగం నిలబడింది, కప్పిపుచ్చిన భాగం తేలిపోయింది.

‘ధమాకా’ ఆడింది కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే. రవితేజకీ శ్రీలీలకీ 33 ఏళ్ల తేడా, అయినా ఆ పాటలకి హాళ్లు ఊగాయి. ‘వాల్తేరు వీరయ్య’లో శ్రుతితో పాటలకీ ఈలలు పడ్డాయి. పాటా డాన్సూ బాగుంటే మన ప్రేక్షకుడు వయసుని పట్టించుకోడు, అది ఒప్పుకోవాల్సిందే. అయితే ఆ మంత్రం ప్రతిసారీ పారదు. అదే రవితేజ, శ్రీలీల ‘మాస్ జాతర’లో మళ్లీ కలిస్తే జనం కదల్లేదు. ‘వీరయ్య’ ఆడిన ఏడాదే ఆగస్టులో వచ్చిన ‘భోళా శంకర్’ పూర్తిగా దెబ్బతింది. అందులో చెల్లెలిగా చేసిన కీర్తి సురేష్ 1992లో పుట్టింది. చిరంజీవి వీరాభిమానులు కూడా ఆ అన్నాచెల్లెళ్ల బంధాన్ని నమ్మడానికి ఇబ్బంది పడ్డారు.

అదే 2023లో దసరాకి వచ్చిన ‘భగవంత్ కేసరి’లో శ్రీలీల బాలకృష్ణకి కూతురులాంటిది. ఆయన ఆ పిల్లని పెంచి, ధైర్యం నేర్పి, ఆర్మీకి పంపాలని తాపత్రయపడతాడు. చివరి ఫైట్‌లో ఆ అమ్మాయి కూడా చేయి కలుపుతుంది. ఆ సినిమాకి జాతీయ ఉత్తమ తెలుగు చిత్రం అవార్డు దక్కింది. ఆ ఫైట్ చూస్తుంటే నాకు గొంతులో ఏదో అడ్డుపడింది. పెద్దాయన తన బలాన్ని పిల్లకి అప్పగిస్తున్నట్టు అనిపించింది. యాక్షన్ సినిమాలో అలాంటి దృశ్యం మనకి ఎన్నిసార్లు దొరుకుతుంది?

ఇక ఫైట్ తీసే పద్ధతి కూడా మారిపోయింది. ‘ఖైదీ’ నాటికి చిరంజీవికి 28, ‘శివ’ నాటికి నాగార్జునకి 30. ఆ రోజుల్లో కెమెరా కాస్త దూరంగా ఉండి మనిషిని నిలువునా చూపించేది. దూకింది, పడింది, లేచింది మన కంటికి తెలిసేది. సైకిల్ చైన్ లాగిన చేతిలో బిగువు కూడా కనబడేది. ఇప్పుడు హీరో నడుస్తాడు, తిరిగి చూస్తాడు, చెయ్యి చాపుతాడు. రోప్‌లు కట్టుకున్న ఫైటర్లు ఎగిరిపడతారు. మధ్యలో స్లో మోషన్, కింద నుంచి పెట్టిన షాట్, చెవులదిరే నేపథ్య సంగీతం. హీరో గొప్పతనాన్ని విలన్ మనుషులే వణుకుతూ చెబుతారు. దాన్నే అభిమానులు ఎలివేషన్ అంటున్నారు. దీన్ని నేను పూర్తిగా తప్పు పట్టను, మంచి ఎలివేషన్‌కి నా ఒళ్లూ జలదరిస్తుంది. కానీ ఆ కష్టమంతా ఎవరి ఒంటి మీద పడుతోందో కూడా చూడాలి. హీరో వయసు పెరిగేకొద్దీ డూప్ పని పెరుగుతుంది. 2025 జూలైలో నాగపట్నం దగ్గర ఒక తమిళ సినిమా షూటింగ్‌లో కారు స్టంట్ చేస్తూ ఒక స్టంట్ కళాకారుడు చనిపోయారు. రెండు రోజులు వార్త నడిచింది, తర్వాత అందరం మర్చిపోయాం. మన జాతీయ అవార్డుల్లో యాక్షన్ డైరెక్షన్‌కి చోటు దొరికింది కూడా 2016 సినిమాల నుంచే. ఆస్కార్ వాళ్లయితే 2027 సినిమాలతో స్టంట్ విభాగం మొదలుపెడతామన్నారు.

హాలీవుడ్‌లో టామ్ క్రూజ్ దారి దీనికి పూర్తిగా వ్యతిరేకం. 55వ ఏట లండన్‌లో మేడ మీద నుంచి మేడ మీదికి దూకి చీలమండ విరగ్గొట్టుకున్నాడు, అరవై దాటాక విమానం రెక్క పట్టుకుని వేలాడాడు. అక్కడ అసలు ఆకర్షణ ఆయన ఒళ్లే. మన నిర్మాతలెవరూ అంత రిస్క్ తీసుకోలేరు, తీసుకోకూడదు కూడా.

మరి ఈ వయసులో వీళ్లే ఎందుకు అని అడిగేవాళ్లు థియేటర్ల వైపు నుంచి ఒకసారి ఆలోచించాలి. 2021 డిసెంబర్‌లో ‘పుష్ప’ వచ్చాక అల్లు అర్జున్ మళ్లీ తెర మీదికి వచ్చింది 2024 డిసెంబర్‌లో. ‘ఆర్ఆర్ఆర్’ తర్వాత జూనియర్ ఎన్టీఆర్ రెండున్నరేళ్లు కనిపించలేదు. పాన్ ఇండియా అనే మాట వచ్చాక పెద్ద హీరో సినిమా ఒక్కోటి రెండు మూడేళ్లు మింగుతోంది. 2022 ఏప్రిల్ నుంచి 2023 ఆగస్టు లోపల చిరంజీవివి నాలుగు సినిమాలు విడుదలయ్యాయి. అన్నీ ఆడలేదు, కానీ ఊళ్లలో హాళ్ల తలుపులు తెరిచి ఉంచినవి అలాంటి సినిమాలే. క్యాంటీన్ నడుపుకునేవాడికీ, పోస్టర్ అంటించేవాడికీ హీరో వయసు కంటే ఈ వారం సినిమా ఉందా లేదా అన్నదే ముఖ్యం. పైగా మనం కుర్ర హీరోలనుకునేవాళ్లు కూడా కుర్రాళ్లేమీ కాదు. మహేష్ బాబుకి 50 నిండాయి. ప్రభాస్, అల్లు అర్జున్, ఎన్టీఆర్, రామ్ చరణ్ నలుగురూ నలభై దాటారు. ఇవాళ చిరంజీవిని అడుగుతున్న ప్రశ్న ఇంకో పదేళ్లలో వీళ్ల గుమ్మం ముందుకీ వస్తుంది.

ఇంకో పక్క హీరో రూపమే మారుతోంది. 2024 సంక్రాంతికి మహేష్ బాబు, వెంకటేష్, నాగార్జున ముగ్గురూ బరిలో ఉన్నారు. పండగ గెలిచింది మాత్రం ‘హనుమాన్’. ఇరవై ఏళ్ల కింద ‘ఇంద్ర’లో చిన్నప్పటి చిరంజీవిగా చేసిన తేజ సజ్జా అందులో హీరో. సన్నని ఒళ్లు, పక్కింటి కుర్రాడి ముఖం. అతనికి బలం ఒక మణి నుంచి వస్తుంది, మణి లేనప్పుడు తన్నులు తింటాడు. ఆ సినిమా ఫైట్లకి జాతీయ అవార్డు కూడా వచ్చింది. అఘోరా అయిన బాలకృష్ణా, మణి దొరికిన తేజా ఒకే కాలం హీరోలని నాకనిపిస్తుంది. ఇద్దరి బలమూ కండల్లో లేదు. దాన్ని కథ తెచ్చిపెట్టింది.

బలాన్ని కథే ఇస్తున్నప్పుడు అది మగవాళ్లకే ఎందుకు దొరుకుతోంది? ఈ మాట దగ్గర నాకు కోపం వస్తుంది. 2015లో ‘బాహుబలి’లో ప్రభాస్‌కి తల్లిలాంటి శివగామిగా చేసిన రమ్యకృష్ణ, ఆయన కంటే తొమ్మిదేళ్లే పెద్ద. ఎంత గొప్పగా చేసినా, కత్తి పట్టి కథని ముందుకు నడిపింది కొడుకే. 1991లో ‘గ్యాంగ్ లీడర్’లో చిరంజీవి పక్కన చేసిన విజయశాంతి ఆయన కంటే దాదాపు పదకొండేళ్లు చిన్న. అంతకు ముందు ఏడాది ‘కర్తవ్యం’లో పోలీసు అధికారిగా ఒంటిచేత్తో సినిమాని మోసి, జాతీయ ఉత్తమ నటి అయింది. మాస్ సెంటర్లలో ఆమె పేరు మీద టికెట్లు తెగేవి. చాలా ఏళ్లు రాజకీయాల్లో ఉండి తిరిగొచ్చాక, 2025లో ‘అర్జున్ సన్నాఫ్ వైజయంతి’లో మళ్లీ ఖాకీ వేసుకుంది. పేరులో ఆమె పాత్ర ఉంది, కానీ సినిమా కొడుకుది.

చిరంజీవికి 67 ఏళ్లప్పుడు విశాఖ సముద్రంలో పడవ నడిపే పాత్ర రాయగలిగిన రచయితలకి, అరవైకి చేరువైన ఒక ఐపీఎస్ అధికారి కథ రాయడం కష్టం కాదు. రిటైరయ్యే వారం, పాత కేసు ఒకటి తెరుచుకుంది, ఇంట్లో మనవరాలు. దెబ్బలో బలం ఎక్కడిదని మా వాడు అడిగితే చెప్పడానికి ఆమె గతంలో కావలసినంత ఉంది, ‘కర్తవ్యం’ చూసినవాళ్లందరికీ అది తెలుసు. ఆ సినిమాని ఎవరైనా తీస్తే మొదటి రోజు వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్తాను. వాడికి అప్పటికి మీసాలు రాకముందే తీస్తే బాగుండు.