కార్బరేటర్ మార్చే ముందు పెట్రోల్ ఎక్కడ కారుతోందో చూడండి

విజయవాడలో పాత కార్బరేటర్ బండి (పెట్రోల్‌లో గాలి కలిపి ఇంజిన్‌కు పంపే భాగమే కార్బరేటర్) ఉన్న ప్రతివారికీ రెండు తీర్పులు ఎప్పుడో ఒకప్పుడు వినబడే ఉంటాయి. పెట్రోల్ వాసన వస్తోందంటే "కార్బరేటర్ పోయింది సార్, కొత్తది వేసేద్దాం" అంటారు. గేరు సరిగా పడడం లేదంటే "క్లచ్ ప్లేట్లు అయిపోయాయి, సెట్టు మార్చేద్దాం" అంటారు. బండికి స్టాండు వేయకముందే, పాన మీద చెయ్యి పడకముందే చెప్పే ఈ తీర్పుల వల్లనే ఇంకా పదేళ్లు తిరగగల బండ్లు తూకానికి వెళ్లిపోతున్నాయన్నది నా అభిప్రాయం. లోపం ఎక్కడుందో వెతకకుండా సామాను మార్చడాన్ని రిపేరు అనడానికి నాకు మనసొప్పదు.

పెట్రోల్ కారడాన్నే తీసుకుందాం. ట్యాంకు అడుగు, పెట్రోల్‌ను ఆపే, వదిలే పెట్రోల్ కాక్, పైపు, కార్బరేటర్ అన్నింటినీ పొడిగుడ్డతో తుడిచి, కాక్ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్టు చేయకుండా కొంతసేపు కనిపెట్టి ఉంటే చాలు, సగం సంగతి తేలిపోతుంది. పెట్రోల్ పై నుంచి కిందికి పాకుతుంది కాబట్టి తడి కనబడిన చోటు కాక, అన్నిటికన్నా పైన తడిసిన చోటే అసలు చోటు. కాక్ ట్యాంకును కలిసే దగ్గర తడి ఉంటే అక్కడి ప్యాకింగ్ పోయింది. కాక్ తిప్పే మీట చుట్టూ చెమ్మగా ఉంటే లోపలి రబ్బరు వాషర్ గట్టిపడింది. కార్బరేటర్ కింద పెట్రోల్ నిలిచే గిన్నె అతుకు చుట్టూ ఊరుతుంటే గిన్నె ప్యాకింగ్ మార్చాలి. ఇవేవీ కాక ఓవర్‌ఫ్లో పైపులోంచి బొట్లు పడుతున్నప్పుడు మాత్రమే గిన్నెలో తేలుతూ పెట్రోల్ మట్టాన్ని అదుపు చేసే ఫ్లోట్‌ను అనుమానించాలి. అప్పుడు కూడా కార్బరేటర్ మొత్తం మార్చనక్కరలేదు: ఫ్లోట్ లేచినప్పుడు పెట్రోల్ దారిని మూసే ఫ్లోట్ పిన్ మొన మీద గీత పడిందా, పిన్ కూర్చునే చోట మురికి చేరిందా, ఫ్లోట్‌ను చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల పెట్రోల్ చప్పుడు వినబడుతోందా అని చూస్తే సరిపోతుంది. గిన్నె అడుగున డ్రెయిన్ గొట్టం ఉన్న కార్బరేటర్లకు అయితే అక్కడ పారదర్శకమైన సన్న పైపు తగిలించి, పైకి నిలబెట్టి, డ్రెయిన్ స్క్రూ వదులు చేస్తే లోపల పెట్రోల్ ఏ మట్టంలో ఉందో బయటికే కనబడుతుంది. చాలా కార్బరేటర్లలో ఆ మట్టం గిన్నె అతుకును దాటి పైకి పోతే ఫ్లోట్ దగ్గరే తేడా ఉన్నట్టు. ఈ పరీక్షకు టీ తాగేంత సమయం పట్టదు.

మన ఊరికి ప్రత్యేకమైన కారణం ఇంకొకటి ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట వంటి ప్రాంతాలను ముంచినప్పుడు ఎన్నో బండ్లు నీళ్లలో నానాయి. ఆయిల్ మార్చి, ప్లగ్గు తుడిచి స్టార్టు చేసుకున్న వాటిలో కొన్నింటి ట్యాంకుల లోపల తుప్పు అలాగే మిగిలిపోయింది. ఆ తుప్పు పొడి కొంచెం కొంచెంగా దిగి ఫ్లోట్ పిన్ కింద ఇరుక్కుంటే పెట్రోల్ ఆగదు. ట్యాంకు కడగకుండా కొత్త కార్బరేటర్ వేస్తే కొన్నాళ్లకు అదీ ఓవర్‌ఫ్లో అవుతుంది, అప్పుడు మళ్లీ కార్బరేటర్ నాణ్యతను తిట్టుకుంటాము.

ఇక నేరమంతా పెట్రోల్‌లో కలిపే ఇథనాల్‌దేనన్న వాదన. ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ అమ్మకం 2023 ఫిబ్రవరిలో ఎంపిక చేసిన బంకుల్లో మొదలై ఆ తరువాత అన్నిచోట్లకూ వ్యాపించింది, 20 శాతం ఇథనాల్‌ను ఉద్దేశించి తయారుకాని రబ్బరు సామాను పాత బండ్లలో ఉన్న మాట నిజమే. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుందన్నదీ నిజమే. అయితే మన ఎండల్లో ఏళ్ల తరబడి మాడి పగిలిన పైపుకు ఇథనాల్‌ను ఒక్కదాన్నే దోషిని చేయడం సులువైన సాకు. పైపు, వాషర్లు, ప్యాకింగులు కొత్త ఇంధనాన్ని తట్టుకునే రకానివి వేయించుకోవడం మన చేతిలో పని.

కాక్ ఎప్పుడూ ఆఫ్ చేయని అలవాటు ఉన్నవారు గమనించవలసిన ప్రమాదం మరొకటి ఉంది. ఫ్లోట్ పిన్ ఆపలేని పెట్రోల్ ఎప్పుడూ బయటికే రావాలని లేదు. ఓవర్‌ఫ్లో దారి మూసుకుపోతే రాత్రంతా అది ఇంజిన్‌లోకి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. పోయకుండానే ఆయిల్ మట్టం పెరిగినా, డిప్‌స్టిక్‌కు పెట్రోల్ వాసన కొట్టినా ఆ బండిని స్టార్టు చేయకూడదు, ఎందుకంటే పలచబడిన ఆయిల్ బేరింగులనూ పిస్టన్‌నూ కాపాడలేదు. మన ఫోర్ స్ట్రోక్ బండ్లలో చాలావాటికి క్లచ్ ప్లేట్లు మునిగి ఉండేదీ ఆ ఆయిల్‌లోనే. కాబట్టి పెట్రోల్ సమస్యతో వచ్చిన బండికి ఆయిల్ చూడకుండా క్లచ్ గురించి మాట్లాడడం తొందరపాటు.

క్లచ్ విషయంలో మొదట తేల్చుకోవలసినది అది జారుతోందా, వదలడం లేదా అన్నది. యాక్సిలరేటర్ ఇస్తే ఇంజిన్ అరుస్తూ బండి మాత్రం అందుకోకపోతే జారుతున్నట్టు. లివరు పూర్తిగా నొక్కినా బండి ముందుకు లాగుతూ, సిగ్నల్ దగ్గర న్యూట్రల్ పడకపోతే వదలనట్టు. ఈ రెండూ పరస్పర విరుద్ధమైన జబ్బులు, అయినా రెండింటికీ "ప్లేట్లు మార్చేద్దాం" అన్న ఒకే మందు రాస్తారు. లివరు చివర ఫ్రీ ప్లే, అంటే క్లచ్ పని మొదలుపెట్టక ముందు లివరు వదులుగా కదిలే దూరం, చాలా బండ్లకు 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండాలి. అది ఎక్కువైతే క్లచ్ వదలదు, బొత్తిగా లేకపోతే జారుతుంది. ప్లేట్లు అరిగేకొద్దీ ఫ్రీ ప్లే తగ్గుతుందన్న సంగతి తెలియక, లివరు పట్టగానే పని చేయాలని వైరును బిగించుకుంటూ పోయేవారు, బెంజ్ సర్కిల్ రద్దీలో లివరు మీద వేళ్లు వేసుకుని హాఫ్ క్లచ్‌తోనే ఈదేవారు, మంచి ప్లేట్లను తామే మాడ్చుకుంటున్నారు. హ్యాండిల్‌ను రెండు పక్కలకూ పూర్తిగా తిప్పినప్పుడు ఫ్రీ ప్లే మారితే వైరు దారి తప్పిందని అర్థం, దానికి ప్లేట్లతో సంబంధమే లేదు.

తరువాత ఆయిల్. ఖరీదైనది కదా అని కారు ఆయిల్ పోస్తే అందులో ఘర్షణ తగ్గించడానికి కలిపే పదార్థాల వల్ల తడి క్లచ్ జారవచ్చు. డబ్బా మీద తడి క్లచ్ బండ్లకు తగినదని చెప్పే జాసో ఎంఏ లేదా ఎంఏ2 గుర్తు ఉన్నదే పోయాలి. వైరూ ఆయిలూ సరిగా ఉన్నాక కూడా తేడా పోకపోతే అప్పుడు విప్పవచ్చు. విప్పాక స్టీలు ప్లేట్లను అద్దం మీద పెట్టి వంకర చూడాలి, స్ప్రింగుల పొడవు కొలవాలి, ముఖ్యంగా ప్లేట్ల చెవులు ఆడే క్లచ్ హౌసింగ్ గాడుల్లో గుంటలు పడ్డాయేమో వేలితో తడిమి చూడాలి. ఆ గుంటల్లో ప్లేటు ఇరుక్కుంటే ఎన్ని కొత్త సెట్లు వేసినా న్యూట్రల్ కోసం తంటాలు తప్పవు. కొత్త ప్లేట్లను ఆయిల్‌లో నానబెట్టకుండా బిగించేవారిని చూస్తే మాత్రం నాకు నిజంగా కోపం వస్తుంది.

తప్పంతా మెకానిక్కులదే అనడం న్యాయం కాదు. ఆటోనగర్‌లో చేతితో తాకి, చెవితో విని లోపం చెప్పగల పనివారు ఇప్పటికీ ఉన్నారు. కానీ గంటసేపు పరీక్షించి, చివరికి వైరు వదులు చేసి పంపితే ఆ గంటకు మనం డబ్బులిస్తున్నామా? "ఏం మార్చావని ఇంత?" అని అడిగేది మనమే. సామాను మారిస్తేనే కూలి దక్కుతుందని మనమే నేర్పాక వారు సామానే మారుస్తారు. అందువల్ల బండి అప్పగించేటప్పుడే చూసినందుకు కూలి వేరుగా ఇస్తామని చెప్పండి, ప్లేట్లు పోయాయంటే పాత ప్లేట్ల మందాన్ని వెర్నియర్‌తో (మందం కొలిచే పనిముట్టుతో) మీ ఎదుట కొలిచి, ఆ బండి సర్వీస్ మాన్యువల్‌లోని హద్దుతో పోల్చి చూపించమనండి.