ఒక్క అంకె తేడా

మా ఆఫీసు సర్వర్‌లో ‘అందరిదీ’ అని ఒక ఫోల్డర్ ఉంది. పేరుకు తగ్గట్టే ఎవరు పడితే వాళ్ళు వచ్చి ఏది పడితే అది మార్చేసి పోతుంటారు. మొన్న సెలవుల రిజిస్టర్‌లో సార్ పేరు పక్కన ఎవరో నవ్వు బొమ్మ పెట్టారు. సార్‌కి నవ్వు రాలేదు.

“అందరూ చూడొచ్చు. ఓనర్ తప్ప ఎవరూ చెయ్యి పెట్టడానికి వీల్లేదు. ఇవాళే అయిపోవాలి” అన్నారు.

“అరగంట చాలు సార్” అన్నాను. ఏ ముహూర్తాన అన్నానో!

వేల ఫైళ్ళు. ఒక్కొక్కటీ తెరిచి మార్చేంత ఓపికుంటే నేనీ ఉద్యోగంలో ఎందుకుంటాను? అన్నిటినీ ఒకేసారి మార్చే స్క్రిప్ట్, అంటే కమాండ్ల చీటీ, రాద్దామనుకున్నాను. ఎవరికే హక్కుందో అంకెల్లో చెప్పాలి. లెక్క ఒకటో తరగతిదే: చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. కావాల్సినవి కలుపుకోవడమే. 644 అంటే ఓనర్‌కి చదువూ రాతా, గ్రూపుకీ మిగతా లోకానికీ చదువు మాత్రమే. సార్ అడిగింది అచ్చంగా అదే. పైగా ఈ హక్కులు మార్చే సీహెచ్‌మాడ్ కమాండ్ 1971 నాటి మొదటి యూనిక్స్ మాన్యువల్‌లోనే ఉంది, నాకంటే పెద్దది. అంత పెద్దదానికి విడమర్చి చెప్పాలా అనుకున్నాను.

మూడు లైన్లు రాసి, ‘తాళం’ అని పేరు పెట్టి, అదే ఫోల్డర్‌లో పడేసి నడిపించాను.

‘పర్మిషన్ డినైడ్’ అంది.

జరిగిందేమిటంటే, ఫైల్‌కి 1 అంటే నడిపే హక్కు గానీ ఫోల్డర్‌కి 1 అంటే గడప దాటే హక్కు. 644లో ఆ ఒకటి లేదు. సీహెచ్‌మాడ్ ముందు పై ఫోల్డర్‌కి 644 పెట్టేసింది, ఆ తర్వాత లోపలికి వెళ్ళబోయింది. తలుపుకి తనే తాళం వేసి, “లోపలికి రానివ్వట్లేదండీ” అని నాకే ఫిర్యాదు చేసిందన్నమాట.

అక్కడితో ఆగి ఉంటే ఒక్క తలుపుతో పోయేది. నాకేమో అధికారం చాల్లేదనిపించింది. కమాండ్‌ని సర్వాధికారి హోదాలో నడిపించే ‘సుడో’ని దాని ముందు తగిలించాను. దాన్ని అసలు ‘సూడూ’ అని పలకాలట. తెలుగువాడికి ఇంతకంటే స్పష్టమైన హెచ్చరిక ఇంకేముంటుంది? నేను సూడలేదు. ఎంటర్ కొట్టాను.

రూట్‌కి, అంటే ఆ సర్వాధికారికి, గడపలు అడ్డం రావు. చిట్టచివరి ఫోల్డర్ దాకా వెళ్ళి, అన్నిటికీ శ్రద్ధగా 644 పెట్టి, కిక్కురుమనకుండా తిరిగొచ్చింది. పని సవ్యంగా జరిగితే ఈ కమాండ్లు పలకవు. కొంప మునిగినా పలకవు, ముంచమన్నది మనమే కాబట్టి.

రెండు నిమిషాల్లో ఫోన్లు మొదలయ్యాయి. “అన్నా, ఫైళ్ళ పేర్లు కనిపిస్తున్నాయి గానీ ఏదీ తెరుచుకోవట్లేదు.” వెళ్ళి చూస్తే సైజు దగ్గర ప్రశ్నార్థకం, తేదీ దగ్గర ప్రశ్నార్థకం, ఓనర్ దగ్గరా ప్రశ్నార్థకమే. గుమ్మంలోంచి తొంగిచూసి లోపలున్నవాళ్ళ పేర్లు చదువుకోవచ్చు, పలకరించడానికి లేదు.

నేనేమన్నా తక్కువ తిన్నానా? అంతా వెనక్కి మార్చే స్క్రిప్ట్ ముందే రాసిపెట్టుకున్నాను. ఎక్కడంటే, ఆ ఫోల్డర్‌లోనే. దాని ఒకటి కూడా ఊడిపోయింది. రూట్‌కి గోడలు అడ్డం కావు గానీ, ఎవరికీ ఒక్క 1 కూడా లేని ఫైల్‌ని నేరుగా నడపడం రూట్ వల్ల కూడా కాదు. స్క్రిప్టులు చదివి నడిపే బాష్‌కి అప్పగిస్తే నడుస్తుందని ఆ కంగారులో తోస్తేగా! తోచకపోవడమే మంచిదైంది. అందులో నేను రాసుకున్నది 777, అంటే అందరికీ అన్ని హక్కులూ. తాళం పట్టేసిందని తలుపులే పీకి పారేసే వైద్యం అది.

చివరికి గట్టెక్కించింది పెద్ద ఎక్స్. సీహెచ్‌మాడ్‌కి ఆ 1ని అక్షరంలో చెప్పాలంటే ఎక్స్ అనాలి. చిన్న ఎక్స్ అయితే ఫైలనీ ఫోల్డరనీ చూడకుండా అందరికీ పంచేస్తుంది. పెద్దది ఫోల్డర్లకీ, అప్పటికే ఆ హక్కున్న ఫైళ్ళకీ మాత్రమే ఇస్తుంది. ఆ ‘అప్పటికే ఉన్న’ వాటినే నేను తుడిచిపెట్టాను కదా, స్క్రిప్టులన్నీ ఏరుకుని ఒక్కొక్కదానికీ చేత్తో పెట్టుకుంటూ పోయాను. అరగంట పని రాత్రి తొమ్మిదికి తెమిలింది.

పొద్దున్నే సార్ పిలిచారు. “రిజిస్టర్ సేవ్ అవ్వట్లేదేంటయ్యా?”

“ఓనర్ తప్ప ఎవరూ మార్చకూడదన్నారు కదా సార్.”

“ఓనర్ని నేనే కదయ్యా!”

వివరాలు తెరిచి చూశాం. ఓనర్ కాలమ్‌లో మొన్నమొన్న చేరిన ట్రైనీ కుర్రాడి పేరుంది. చేరిన రోజున ఆ ఫైల్ తయారు చెయ్యమని సారే పురమాయించారట.

“పిలు వాణ్ణి.”

రాలేదు సార్, అన్నారెవరో. రిజిస్టర్‌లో చూస్తే అతని పేరు పక్కన మూడు రోజులు సెలవు. దాని పక్కనే ‘మంజూరైనది’ అని కూడా ఉంది.

ఓనర్ పేరు మార్చాలంటే సీహెచ్‌ఓన్ కొట్టాలి, దానికీ ముందు సుడో కావాలి. టైప్ చెయ్యడం మొదలుపెట్టాను. సార్ కుర్చీ లాక్కుని నా వెనకే కూర్చున్నారు, సూడ్డానికి.