డాల్డా 13కీ డాల్డా డబ్బాకీ సంబంధం లేదు

మా వైజాగ్ ఫొటోగ్రాఫర్ల గ్రూపులో వారం నుంచి ఒకటే ఫార్వర్డు. దేశంలో తొలి మహిళా ఫొటో జర్నలిస్టు హొమాయ్ వ్యారవాలా గాంధీ హత్యను ఫొటో తీశారట. డాల్డా కంపెనీ డబ్బులిస్తే ‘డాల్డా 13’ అని పేరు పెట్టుకున్నారట. ఆవిడ పేరంతా భర్త మింగేశాడట. పద్మ అవార్డు ఆవిడ చనిపోయాకే ఇచ్చారట. పని దొరక్క కెమెరా వదిలేశారట. ‘అక్కా, చదివితే ఏడుపొచ్చింది’ అన్నాడు మా దగ్గర లైట్లు పట్టే కుర్రాడు. ఏడుపు సరే, నిజం కూడా ఉండాలిగా!

హత్య ఫొటో లేదు. 1948 జనవరి 30న ఆవిడ ప్రార్థన సభకు బయల్దేరారు గానీ భర్త వెనక్కి పిలవడంతో ఆగిపోయారు. ఆవిడ తీసింది అంత్యక్రియలు.

డాల్డా కథ ఇంకా తమాషా. పుట్టింది 1913. తర్వాత భర్త అయిన మానెక్‌షాను కలిసింది 13వ ఏట. మొదటి కారు నంబరు డీఎల్‌డీ 13, కలిపి పలికితే డాల్డా 13. అంతే, వనస్పతి ఎక్కడా లేదు.

భర్త విషయంలో మాత్రం సగం నిజం ఉంది, చిక్కంతా అక్కడే. కెమెరా నేర్పింది మానెక్‌షానే. బొంబాయిలో మొదట్లో ఆవిడ తీసినవి ఆయన పేరుతో అచ్చయ్యాయి. ఊరూపేరూ తెలియని ఆడపిల్ల తీసిందంటే చెల్లే రోజులు కావు. నాకిందులో వింతేం లేదు. గాజువాకలో పెళ్లికెళ్తే మెడలో కెమెరా వేలాడుతుండగానే ‘ఫొటోగ్రాఫర్ ఇంకా రాలేదామ్మా?’ అని అడుగుతారు. అయితే దాన్ని మింగేయడం అంటే ఎలా? 1942లో ఢిల్లీ వెళ్లి బ్రిటిష్ సమాచార విభాగంలో చేరాక మౌంట్‌బాటెన్ వీడ్కోలు, ఎర్రకోట మీద మొదటి జెండా, 1956లో సిక్కింలోని నాథూలా కనుమ మీదుగా దలైలామా రాక, ఇవన్నీ ఆవిడ ఫొటోలుగానే లోకానికి తెలుసు. అన్నట్టు, నెహ్రూ ఎర్రకోట మీద జెండా ఎగరేసింది 1947 ఆగస్టు 16న. ఫార్వర్డులో అదీ 15 అని రాశారు.

పద్మవిభూషణ్ 2011లో వచ్చింది. అప్పటికి ఆవిడకు 97 ఏళ్లు, బతికే ఉన్నారు. కన్నుమూసింది 2012 జనవరి 15న, వడోదరలో.

ఇక పని దొరక్కపోవడం. భర్త పోయాక, 1970లో మానేశారు. కొత్తగా వచ్చిన ఫొటోగ్రాఫర్లకు మర్యాద తెలియదని విసిగిపోయి మానేశారు. ఆ తర్వాత నలభై ఏళ్లకు పైగా బతికినా మళ్లీ ఒక్క ఫొటో తీయలేదు. నేవీ డే రోజు ఆర్కే బీచ్‌లో మనవాళ్ల తోపులాట చూస్తే ఏమనేవారో మరి.