డే కేర్ తలుపు తట్టే అధికారి ఎవరు?

మా పాపకు పదకొండు నెలలున్నప్పుడు హైదరాబాద్‌లో ఇంటికి దగ్గరలోని ఒక డే కేర్ చూడ్డానికి వెళ్లాం. అపార్ట్‌మెంట్‌లో మూడు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్, గోడల నిండా బొమ్మలు. లైసెన్స్ ఉందా అని అడిగితే నిర్వాహకురాలు ట్రేడ్ లైసెన్స్ తెచ్చి చూపించారు. ఆవిడ మోసమేమీ చేయలేదు, ఆవిడ దగ్గరున్న అనుమతి అదొక్కటే. కర్రీ పాయింట్ పెట్టుకోవడానికి తీసుకునే కాగితంతోనే పసిపిల్లల్ని రోజంతా చూసుకునే చోటు కూడా నడుస్తోందని ఆరోజే నాకు తెలిసింది.

క్రెష్‌ల (తల్లి పనిలో ఉన్నప్పుడు పసిపిల్లల్ని చూసుకునే చోట్ల) గురించి మనకు చట్టాలు లేక కాదు. ముప్పై మందికి మించి మహిళలు పనిచేసే ఫ్యాక్టరీలో క్రెష్ ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. యాభై మందికి మించి మహిళా కూలీలున్న నిర్మాణ పనుల దగ్గర పిల్లలకు గది ఏర్పాటు చేయాలని 1996 చట్టం చెప్పింది. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో తెచ్చిన సవరణ 50 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థలన్నిటికీ క్రెష్ తప్పనిసరి చేసింది. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చంది. మంచి చట్టాలే, 2025లో వాటి స్థానంలోకి కొత్త కార్మిక కోడ్‌లు వచ్చాయి. కానీ మూడూ లెక్కపెట్టింది ఉద్యోగుల్ని. ఏ యజమానితోనూ సంబంధం లేకుండా ఫ్లాట్‌లో నడిచే డే కేర్ ఈ లెక్కలోకే రాదు.

ప్లే స్కూళ్ల మీద జాతీయ బాలల హక్కుల కమిషన్ మార్గదర్శకాలు ఇచ్చింది. గుర్తింపు తీసుకోవాలి, ఇరవై మంది పిల్లలకు ఒక టీచర్, ఒక ఆయా ఉండాలి. అవి మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు. క్రెష్‌ల కోసం 2018లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ కనీస ప్రమాణాలు రాసింది గానీ అవీ మార్గదర్శకాలే. ఇంటికొచ్చి ‘ఆంటీ కొట్టింది’ అని చెప్పలేని వయసు పిల్లల దగ్గరే మన చట్టం బలహీనంగా ఉంది. అంగన్‌వాడీకైనా సూపర్‌వైజర్ వస్తుంది, సీడీపీవో (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి) వస్తారు. నెలకు వేలకు వేలు ఫీజు కట్టే డే కేర్‌కు తల్లిదండ్రులే ఇన్‌స్పెక్టర్లు, వాళ్లకేమో గుమ్మం దాటి లోపలికి రానిస్తారో లేదో అన్న టెన్షన్.

2016లో నవీ ముంబైలోని ఖార్‌ఘర్‌లో పది నెలల పాపను ఆయా కొట్టడం సీసీ కెమెరాలో రికార్డయింది. దేశమంతా ఆ దృశ్యాలు చూసింది. కెమెరా ఉండాల్సిందే, కాదనను. కానీ అది చూపించేది జరిగిపోయినదాన్ని.

ఇంగ్లండ్‌లో డే కేర్‌లను రిజిస్టర్ చేసి తనిఖీ చేసే పని 2001 నుంచి ఆఫ్‌స్టెడ్ అనే సంస్థ చేస్తోంది. డబ్బు తీసుకుని ఇంట్లో రోజుకు రెండు గంటలకు మించి చిన్నపిల్లల్ని చూసుకునేవాళ్లు కూడా రిజిస్టర్ చేయించుకోవాలి. నర్సరీలో రెండేళ్లలోపు పిల్లలు ముగ్గురికి ఒక మనిషి ఉండాలి. తనిఖీ నివేదిక ఆన్‌లైన్‌లో ఎవరైనా చదువుకోవచ్చు. అయినా 2022లో స్టాక్‌పోర్ట్ ప్రాంతంలోని ఒక నర్సరీలో తొమ్మిది నెలల పాపను బోర్లా పడుకోబెట్టి, బీన్ బ్యాగ్‌కు కట్టేసి వదిలేస్తే చనిపోయింది. పనిచేసే ఆవిడకు 14 ఏళ్ల జైలు శిక్ష పడింది. రిజిస్ట్రేషన్ ఉన్నంత మాత్రాన బిడ్డ క్షేమమని అనుకోలేం. ఏళ్లకోసారి వచ్చే అధికారికి ఆ రోజు గది మాత్రమే కనిపిస్తుంది.

లైసెన్స్ అంటే మామూళ్లకు ఇంకో దారి అని మనవాళ్లు భయపడతారు, ఆ భయం నిజమే. ఇంట్లో నలుగురు పిల్లల్ని చూసుకుని బతికే ఆడవాళ్లు ఫైళ్ల భారానికి మూసేసుకుంటే నష్టపోయేది కూడా పిల్లలే. అందుకే పెద్ద సెంటర్లకు పూర్తి లైసెన్స్, ఇళ్లలో నడిపేవాళ్లకు ఉచితంగా చిన్న రిజిస్ట్రేషన్ చాలు. ఇద్దరికీ మినహాయింపు లేకుండా ఉండాల్సినవి కొన్ని ఉన్నాయి: ఒక్కో మనిషికి ఇంతమందే పిల్లలన్న పరిమితి, ఆయాలకు పోలీసు వెరిఫికేషన్, గొంతులో ఏదైనా ఇరుక్కుంటే ఏం చేయాలో తెలిసిన మనిషి ఎప్పుడూ అక్కడ ఉండడం. ఆయా జీతం సంగతీ చూడాలి. చాలీచాలని జీతానికి నెలనెలా మనుషులు మారిపోతుంటే ఏ శిక్షణా నిలవదు.

తనిఖీకి వచ్చేవాళ్లు ముందు చెప్పకుండా రావాలి. మధ్యాహ్నం రెండింటికి, పిల్లల్ని పడుకోబెట్టే వేళకు రావాలి. చూసిందేమిటో తెలుగులో ఒక పేజీ రాసి, తేదీ వేసి, గేటు మీద అతికించి వెళ్లాలి.