గుణం తూచే కాటా కావాలి

ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో పోటీకి ముందురోజు ఒక తంతు ఉంటుంది. ఇద్దరు వస్తాదులూ డ్రాయర్లతో వచ్చి కాటా ఎక్కుతారు. సూటు వేసుకున్న అధికారి ఒకాయన వంగి చూసి అంకె బిగ్గరగా చదువుతాడు. టైటిల్ పోటీ అయితే వెల్టర్‌వెయిట్ అనే బరువు తరగతి వాళ్ళు 147 పౌండ్లు దాటకూడదు. పావు పౌండు ఎక్కువున్నా చుట్టూ టవల్ పట్టుకుని, ఒంటిమీద మిగిలిన ఆ ఒక్క గుడ్డా విప్పించి మళ్ళీ ఎక్కిస్తారు. ఇంత నిక్కచ్చి తూకం బంగారం కొట్లో కూడా నేనెరగను.

తీరా చూస్తే ఆ అంకె ఉత్త వేషం. మనిషి నాలుగు రోజులుగా నీళ్ళు తగ్గించి, ఆవిరి గదిలో కూర్చుని, చివరికి ఉమ్మి కూడా మింగకుండా ఆ గంటకి ఆ బరువుకి దిగాడు. కాటా దిగీ దిగగానే నీళ్ళ సీసా ఎత్తుతాడు. మర్నాడు రాత్రికి పది పౌండ్లు పెరగడం మామూలే. అంటే ఈ ఆటలో సాక్షుల ఎదుట, సంతకాలతో ధ్రువీకరించే ఒకే ఒక్క సత్యం కూడా ఒక్కరోజు నిలవదు. ఇక మనిషి గుణం సంగతి ఎవరిని అడగాలి?

నా అభ్యర్థన అక్కడ మొదలవుతుంది. బరువుకి కాటా పెట్టినవాళ్ళు గుణానికి కూడా ఒకటి పెట్టించాలి. తను చూస్తున్నది రాక్షసుడినా, రాక్షసుడి వేషం కట్టిన చర్చి పాస్టర్‌నా అని తెలుసుకునే హక్కు డబ్బు పెట్టి చూసేవాడికి ఉంది. మిగతా వృత్తుల్లో మోసం మనకి అలవాటే. లోపల కుళ్ళు, పైన విభూది. బాక్సర్లు దాన్ని తిరగేశారు. లోపలున్న కాస్త మంచితనాన్ని అప్పులవాడికి కనబడకుండా సొమ్ము దాచినట్టు దాస్తున్నారు. ఇది చిన్న విషయం కాదు.

మా బాబాయి మాత్రం దీన్ని ఒప్పుకోడు. ఆయన ముప్పై ఏళ్ళు ఊరి నాటకాల్లో దుర్యోధనుడు కట్టిన మనిషి. రాయబారం సీనులో కృష్ణుడి మీదికి కస్సున లేచి, తెర పడగానే అదే కృష్ణుడి దగ్గర బీడీ అడిగి వెలిగించుకునేవాడు. "కోపంగా కనపడకపోతే చందా ఎవడిస్తాడ్రా?" అంటాడు.

బాక్సింగ్‌లో ఆ చందా రహస్యం 1961లో పందొమ్మిదేళ్ళ కేసియస్ క్లేకి దొరికింది. లాస్ వేగాస్‌లో ఆయనకి గార్జియస్ జార్జ్ అనే రెజ్లర్ తగిలాడు. ఉంగరాల బంగారు జుట్టు, తళుకుల అంగరఖా, రింగులో అత్తరు చల్లే నౌకరు, ఆపకుండా సొంత డబ్బా. వీడి నోరు ఎవరైనా మూయిస్తే చూసి పోదామని జనం హాలు నింపేశారు. ప్రేమించేవాడూ టికెట్టు కొంటాడు, తిట్టుకునేవాడూ కొంటాడు, ధర ఒకటే. కుర్రాడికి నోరు ముందునుంచీ ఉంది. దానికి మార్కెట్ ఉందని ఆ రోజు తెలిసింది. కొన్నాళ్ళకి ఆయనే మహమ్మద్ అలీ అయ్యాడు.

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. నవ్వు ఆగేది తోటి బాక్సర్ జో ఫ్రేజియర్ దగ్గర. వియత్నాం యుద్ధానికి వెళ్ళనన్నందుకు 1967లో అలీకి చాంపియన్ బెల్టూ పోయింది, బాక్సింగ్ లైసెన్సూ పోయింది. మూడున్నరేళ్ళ ఆ ఖాళీలో చేతికి డబ్బిచ్చి, లైసెన్సు తిరిగి ఇవ్వండని అలీ తరఫున మాట్లాడినవాడు ఫ్రేజియర్. తర్వాత 1971 మార్చి 8న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఇద్దరికీ పోటీ కుదిరింది, చెరి 25 లక్షల డాలర్లకి. దాన్ని అమ్మడానికి అలీ ఆ స్నేహితుణ్ణి తెల్లవాళ్ళ తొత్తు అన్నాడు. 1975లో మనీలా పోటీకి వచ్చేసరికి గొరిల్లా అన్నాడు. రబ్బరు గొరిల్లా బొమ్మ ఒకటి తెచ్చి విలేఖరుల ముందు దాన్ని గుద్దాడు. అందరూ నవ్వారు. ఫ్రేజియర్ పిల్లలు బడిలో ఆ నవ్వుల్ని మోశారు. సౌత్ కరోలినా పొలాల్లో కష్టపడి పెరిగిన నల్ల కుర్రాడేమో తెల్లవాళ్ళ మనిషి, లూయీవిల్‌లో అంతకంటే నయమైన ఇంట్లో పెరిగిన అలీ ప్రజల మనిషి! వేషాలు పంచేటప్పుడు ఎదుటివాడి ఒప్పుదల అడిగే ఆచారం లేదు కాబోలు.

2001లో అలీ క్షమాపణ చెప్పాడు. అవన్నీ ఆవేశంలో, పోటీ ప్రచారం కోసం అన్న మాటలన్నాడు. చెప్పింది ఒక పత్రికతో. తిట్టింది ముఖం మీద. ఈ రెండూ ఏ కాటాలో పెడితే సరితూగుతాయో నాకు తెలియదు. అలీ ఫోటో నా గదిలో కూడా ఉండేది, అది కూడా చెప్పుకోవాలి.

జార్జ్ ఫోర్‌మన్ కేసు ఇంకో రకం. ఈయన ఒకే పేరు మీద ఇద్దరు మనుషుల్ని నడిపాడు. మొదటివాడు 1973లో జమైకాలో ఇదే ఫ్రేజియర్‌ని రెండు రౌండ్లలో ఆరుసార్లు పడగొట్టి హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. నవ్వడు, పలకరిస్తే పలకడు. పాత చాంపియన్ సోనీ లిస్టన్ దగ్గర సాధన చేసిన రోజుల్లో ఆయన్ని చూసి పట్టుకున్న మూతిముడుపు అది. అంటే వేషం కూడా సొంతం కాదు, అద్దెకి తెచ్చిన కిరీటం. ఈ మొదటివాడు 1974లో ఆఫ్రికాలోని కిన్షాసాలో అలీ చేతిలో కూలాడు. 1977లో జిమ్మీ యంగ్ చేతిలో ఓడిన రాత్రి డ్రెస్సింగ్ రూములో దేవుడు కనిపించాడని చెప్పి, గ్లవ్స్ విప్పేసి, హ్యూస్టన్‌లో పాస్టర్‌గా కుదురుకున్నాడు.

పదేళ్ళకి రెండోవాడు వచ్చాడు. గుండు, బొజ్జ, బర్గర్ల మీద జోకులు, చెవులదాకా నవ్వు. 1994 నవంబర్ 5న, 45వ ఏట, మైకేల్ మూరర్‌ని నాకౌట్ చేసి మళ్ళీ చాంపియన్ అయ్యాడు. ఒంటిమీద ఇరవై ఏళ్ళనాటి ఆ కిన్షాసా ఎర్ర డ్రాయరే. ఆ నవ్వు ముఖంతో మాంసం కాల్చుకునే గ్రిల్లు అమ్మితే కోట్ల ఇళ్ళలోకి వెళ్ళింది. 1999లో ఆ గ్రిల్లు మీద తన పేరు వాడుకునే హక్కులకే 13.75 కోట్ల డాలర్ల ఒప్పందం. పిడికిలి ఎన్నడూ తేలేని డబ్బు పళ్ళు తెచ్చాయి. ఐదుగురు కొడుకులకీ ముందే జార్జ్ అని పేరు పెట్టుకున్నాడు చూడండి, ఎంత ముందుచూపు!

మరి వీళ్ళిద్దరిలో అసలు జార్జ్ ఎవరు? రెండోవాడే అని అందరం తీర్పు చెప్పేశాం. మనకి గ్రిల్లు అమ్మినవాడు కదా, నిజమే చెబుతాడు.

కొన్ని వేషాలు కట్టుకున్నవి కావు, కట్టించినవి. 1938లో జర్మన్ బాక్సర్ మాక్స్ ష్మెలింగ్ పరిస్థితి అది. బెర్లిన్‌కి ఆర్య వీరుడు కావాలి, న్యూయార్క్‌కి నాజీ విలన్ కావాలి. జూన్ 22న అమెరికా నల్లజాతి చాంపియన్ జో లూయిస్ ఆయన్ని 124 సెకన్లలో ముగించాడు. ఆ లూయిస్‌కీ మేనేజర్లు పెట్టిన నియమాల చిట్టా ఉంది. పడిపోయినవాణ్ణి చూసి నవ్వకూడదు, తెల్ల ఆడవాళ్ళ పక్కన ఫోటో దిగకూడదు. అలా రెండు బొమ్మలు కొట్టుకున్నాయి. అదే ఏడాది నవంబర్‌లో బెర్లిన్‌లో యూదుల ఇళ్ళూ దుకాణాలూ పగులుతున్న వేళ, ఈ నాజీ విలన్ ఇద్దరు యూదు పిల్లల్ని తన హోటల్ గదిలో దాచిపెట్టాడు. 1989లో ఆ ఇద్దరిలో ఒకాయనే నోరు విప్పేదాకా ఈ సంగతి లోకానికి తెలియదు. యాభై ఏళ్ళు! ఇంత సరుకు చేతిలో పెట్టుకుని ప్రచారం చేసుకోని మనిషిని ఏ ప్రమోటర్ క్షమిస్తాడు?

హెవీవెయిట్ చాంపియన్ వ్లాదిమీర్ క్లిచ్కోది ఇంకా అన్యాయం. స్పోర్ట్స్ సైన్స్‌లో డాక్టరేట్ ఉన్న పెద్దమనిషి. 2015లో లండన్ ప్రెస్ మీట్‌కి ఆయన ఎదుటికి ప్రత్యర్థి టైసన్ ఫ్యూరీ బ్యాట్‌మన్ డ్రస్సులో వచ్చాడు. నవంబర్‌లో బ్యాట్‌మనే గెలిచాడు. ఏడాది తిరిగేలోగా ఫ్యూరీ డిప్రెషన్‌తో బెల్టులు వదులుకున్నాడు. ఆ డ్రస్సు లోపల ఎవరున్నారని ఎవరమూ అడగలేదు. బాగా నవ్వుకున్నాం కదా మరి.

వేషాన్ని జమాఖర్చుల లెక్కగా నడిపినవాడు ఫ్లాయిడ్ మేవెదర్. మొదట్లో ఆయన పేరు 'ప్రెటీ బాయ్', ముఖానికి దెబ్బ తగలనివ్వడు కాబట్టి. విద్య గొప్పదే గాని అమ్మకానికి చాల్లేదు. 2007 మే 5న మెక్సికన్ మూలాలున్న ఆస్కార్ డి లా హోయాతో పోటీ నాటికి 'మనీ' అయ్యాడు. చేతిలో నోట్ల కట్టలు, మెక్సికన్ల పండగపూట వాళ్ళని ఉడికించడానికి తలమీద ఇంత మెక్సికన్ టోపీ. 24 లక్షల మంది డబ్బు కట్టి చూశారు. 2015లో ఫిలిప్పీన్స్ బాక్సర్ పాకియావ్‌తో పోటీకి 46 లక్షలు. అందులో సగానికి సగం మంది కోరిక, వీడు ఒక్కసారి ఓడితే కళ్ళారా చూడాలని. యాభై పోటీల్లో ఒక్కటీ ఓడలేదు. యాభై నెలలూ వాయిదాలు కట్టించుకుని చివరికి చీటీ ఇవ్వని మనిషన్నమాట. ఇంతా చేసి మందు ముట్టడనీ, అర్ధరాత్రి లేచి మైళ్ళకి మైళ్ళు పరుగెత్తుతాడనీ పేరు. చూశారా, లోపల యోగి అని మురిసిపోయాను నేను.

అక్కడే నా కాటా సిద్ధాంతం బోల్తా కొట్టింది. గృహహింస కేసులో నేరం ఒప్పుకున్న మేవెదర్‌కి 2011 డిసెంబర్‌లో జైలు శిక్ష పడింది. జనవరిలో లోపలికి వెళ్ళాలి. కాని మే 5న లాస్ వేగాస్‌లో పోటీకి ముహూర్తం పెట్టుకున్నారు. న్యాయస్థానం శిక్షని జూన్ 1కి జరిపింది. పెళ్ళివారు అడిగితే తేదీ మార్చే పురోహితుడిలా ఎంత మర్యాద! మే 5న మిగెల్ కోటోని ఓడించాడు, గ్యారంటీ సొమ్మే 3.2 కోట్ల డాలర్లు. జూన్ 1న జైలుకి వెళ్ళాడు, రెండు నెలలుండి వచ్చాడు. విలన్ వేషం వెనక మంచివాడుంటాడని వెతుక్కుంటూ వెళ్ళిన నాకు, వేషం వెనక కోర్టు కాగితం తగిలింది. నోట్ల కట్టల్ని నిజమని నమ్మిన జనం ఈ కాగితాన్ని మాత్రం తర్వాతి పోటీ ట్రైలర్ అనుకుని పక్కన పెట్టేశారు.

మైక్ టైసన్ దగ్గర కాటా ముల్లు అసలు నిలవదు. బ్రూక్లిన్‌లో పావురాలు పెంచుకునే పిల్లాడు. తన పావురం మెడ విరిచినవాడితో పెట్టుకున్నదే మొదటి కొట్లాట. ఇరవై ఏళ్ళకే హెవీవెయిట్ చాంపియన్. 1992లో ఇండియానాపోలిస్‌లో అత్యాచారం కేసులో దోషి, మూడేళ్ళు జైలు. 1997లో పోటీ మధ్యలో ప్రత్యర్థి హోలీఫీల్డ్ చెవి కొరికాడు, 30 లక్షల డాలర్ల జరిమానా, లైసెన్సు రద్దు. 2022లో టైసనూ, చెవి పోగొట్టుకున్న హోలీఫీల్డూ కలిసి, ఒక ముక్క కొరికేసిన చెవి ఆకారంలో గంజాయి జెల్లీ బిళ్ళలు అమ్మకానికి పెట్టారు. అదే ఏడాది టైసన్ విజయ్ దేవరకొండ పక్కన తెరమీద కనిపిస్తే మనమూ ఈలలు వేశాం. పావురాలూ నిజమే, ఇండియానాపోలిస్ తీర్పూ నిజమే. చెవి ఒక్కటే గుర్తుంది మనకి, బిళ్ళ తియ్యగా ఉంది కాబట్టి.

అయినా దరఖాస్తు రాసి పెట్టుకున్నాను. ఎవరికి పంపాలన్నదే చిక్కు. ప్రపంచ చాంపియన్ బెల్టులిచ్చే పెద్ద సంస్థలు నాలుగున్నాయి, ఎవరి రూలు వాళ్ళది, ఎవరి ఫీజు వాళ్ళది. ఒకే బరువులో నలుగురు చాంపియన్లని చూపించగలిగిన చోట ఒకే మనిషికి నాలుగు గుణాలున్నాయని సర్టిఫికెట్ ఇస్తే కాదనేవాడు లేడు.

2024 నవంబర్ 16 శనివారం పొద్దున్న బాబాయికి కాఫీ ఇచ్చి టీవీ ముందు కూర్చోబెట్టాను. టెక్సాస్‌లో 58 ఏళ్ళ టైసన్, యూట్యూబ్‌లో పేరు తెచ్చుకుని బాక్సర్ అయిన 27 ఏళ్ళ జేక్ పాల్. రెండేసి నిమిషాల ఎనిమిది రౌండ్లు. తూకం రోజున పాల్ చెంప చెళ్ళుమనిపించిన టైసన్, బరిలో మూడో రౌండుకే అలిసిపోయాడు. చివరి గంట మోగబోతుంటే పాల్ ఆగి, ముసలాయనకి వంగి దండం పెట్టాడు. నాకు గొంతు పట్టేసింది. ఇదీ అసలు మనిషి బయటపడే క్షణం, చూశావా బాబాయ్ అన్నాను.

బాబాయి కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఇదంతా సరే గాని, ఆ తూకం రోజు చెంపదెబ్బ ఉంది చూడు, అది ఇంకోసారి పెట్టరా" అన్నాడు.