రెండు నిమిషాల రిహార్సల్

ఆసుపత్రి హాల్లో ఆ బోర్డు పెట్టించిన పెద్దమనిషి ఎవరో గానీ, ఆయన చేతికి ఒక టోకెన్ ఇచ్చి ఆ కుర్చీల్లోనే కూర్చోబెట్టాలని నా చిరకాల కోరిక. "మీ డాక్టరు మీ స్నేహితుడు. మనసు విప్పి మాట్లాడండి" అని రాసి ఉంటుంది. కింద నవ్వుతున్న తెల్లకోటు, ఆ పక్కన నవ్వుతున్న బామ్మ. బామ్మ వెనకాల మెత్తటి దిండు కూడా ఉంది. మా అమ్మ కూర్చున్నది మాత్రం నాలుగు కలిపి బిగించిన ఇనప కుర్చీల్లో మూడోది. చివరాయన దగ్గితే వరుస మొత్తం ఊగుతుంది.

పోయినసారి మా టోకెన్ 47, మేం వెళ్లేసరికి లోపల నడుస్తున్నది 19. అంచేత ఆ బోర్డు నాకు కంఠతా వచ్చేసింది. అడగాల్సినవి ముందే రాసుకుని రండి. వాడే మందులన్నీ వెంట తెచ్చుకోండి. సందేహం ఉంటే మొహమాటపడకండి. సరే, డాక్టరుగారితో సత్సంబంధాలు పెంచుకోవాల్సిన బాధ్యత మనదే అని తేలిపోయింది కాబట్టి, ఈసారి పద్ధతిగా వెళ్దామనుకున్నాను.

మనసు విప్పడానికి మనకున్న టైం ఎంతో కూడా కనుక్కున్నాను. 2017లో బీఎంజే ఓపెన్ అనే వైద్య పత్రికలో 67 దేశాల లెక్క ఒకటి వచ్చింది. మామూలు జబ్బులు చూసే డాక్టరు ఒక్కో రోగితో స్వీడన్‌లో సగటున 22 నిమిషాల పైనే గడుపుతాడట. బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు. మన దగ్గర సుమారు 2 నిమిషాలు. స్వీడన్‌లో రోగులు అంతసేపు ఏం చెబుతారో నాకు తెలియదు గానీ, మా అమ్మకైతే ఆ 22 నిమిషాలూ ఉపోద్ఘాతానికే చాలవు.

అందుకని ముందు రోజు రాత్రి భోజనాలయ్యాక ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి రిహార్సల్ మొదలెట్టాను. నేను డాక్టర్ని. మా ఆవిడ నర్సు.

"ఏంటమ్మా ప్రాబ్లం?"

"మొన్న సంక్రాంతికి అరిసెలు వండాం చూడు..."

"కట్!" అన్నాను. అప్పటికే పన్నెండు సెకన్లు అరిసెల పాలు.

"అరిసెల సంగతి చెప్పకపోతే ఎప్పటినుంచో ఆయనకెలా తెలుస్తుందిరా?"

"నాలుగు నెలల నుంచి అను."

"నాలుగు నెలలని కాదు. పండక్కి మీ బావ వచ్చి నన్ను గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడా, ఆ వారంలోనే పాకం దగ్గర నిలబడితే కాళ్లు పొంగి..."

"బావ అక్కర్లేదు. పాకం అసలక్కర్లేదు."

రెండో టేకు నిమిషం యాభై. అందులో మా పిన్ని మనవరాలి ఓణీల ఫంక్షను వచ్చింది, ఆ రోజు కాళ్లు చెప్పుల్లో పట్టలేదట. ఓణీలు ఎత్తేయించాను. మూడో టేకులో పిన్నిని తీసేశాను. ఐదో టేకుకు మా అమ్మ తొమ్మిది సెకన్లకు దిగింది. "కాళ్ల వాపు. కళ్లు తిరుగుతున్నాయి. నాలుగు నెలలు." మా ఆవిడ చప్పట్లు కొట్టింది. మన దేశంలో టెలిగ్రాం సర్వీసు 2013లోనే మూసేశారు గానీ, ఆ రాత్రి మా ఇంట్లో మళ్లీ తెరిచాం. అమ్మకు మాత్రం ఒకటే బెంగ. "వెళ్లగానే బాగున్నారా బాబూ అనైనా అనకుండా, ఇదేం వరసరా?"

మర్నాడు మా నంబరు వచ్చేసరికి ఒంటిగంట. ఈలోపు నల్ల బ్యాగులు తగిలించుకున్న మెడికల్ రెప్పులు ఇద్దరు లోపలికి వెళ్లొచ్చారు. సత్సంబంధాలంటే వాళ్లవి.

డాక్టరుగారు కంప్యూటర్లోంచి తల ఎత్తకుండా నన్నడిగారు, "ఫుడ్ సరిగ్గా తీసుకుంటున్నారా?" అని. యాభై ఏళ్లు ఇంటిల్లిపాదికీ వండి వార్చిన మనిషి ఎదురుగా కూర్చుంటే, ఆవిడ ఏం తింటోందో కొడుకుని అడగడం. అమ్మ గబగబా "కాళ్ల వాపు" అంది. ఫోన్ మోగింది. ఆయన ఫోన్లో ఎవరికో స్థలం రేటు చెబుతూనే రెండో చేత్తో టైపు చేస్తున్నారు. అమ్మ చేతిరుమాలులో మూటగట్టి తెచ్చిన మాత్రల అట్టలు చూపిద్దామని ముడి విప్పుతోంది. గట్టిగా పడిన ముడి, ఆవిడ వేళ్లకు లొంగడం లేదు. సగం వచ్చేసరికి ప్రింటర్ చప్పుడైంది.

"నీరు పోవడానికి మాత్ర రాశాను. నెల తర్వాత చూద్దాం. ఇంకేంటి?"

"ఏం లేదు బాబూ" అంది అమ్మ. కళ్లు తిరగడం మింగేసింది.

"సార్, అసలు వాపు ఎందుకొచ్చింది?" అన్నాను. "గూగుల్లో చూడలేదా?" అని నవ్వారు. మొత్తం నిమిషం నలభై. ఇంకో ఇరవై సెకన్లు ఆయన మాకు బాకీ.

ఆ ముడి చివరికి మెడికల్ షాపు కౌంటరు మీద విడింది. కుర్రాడు అట్టలు తిరగేసి చూసి, "దీంట్లోనూ బీపీ మందు ఆమ్లోడిపినే ఉందండీ, దాంట్లోనూ అదే. కంపెనీ పేర్లే వేరు. ఎక్కువైతే కాళ్లు వాస్తాయి, బీపీ పడిపోతుంది. సార్‌కి ఫోన్ చేసి అడగండి" అన్నాడు. ఒకటి ఈ డాక్టరుగారు ఎప్పటినుంచో రాస్తున్నది. రెండోది పండక్కి గుండె డాక్టరు రాసింది. ఆ రెండూ కలిసి తెచ్చిన వాపుకి ఇప్పుడు మూడోది.

ముడి విప్పేదాకా ఆగడానికి ఎన్ని సెకన్లయ్యా? మందులు జెనరిక్ పేర్లతో, అంటే కంపెనీ పెట్టిన పేరు కాకుండా మందు అసలు పేరుతో రాయండి అని 2002లోనే వైద్యుల నియమావళిలో పెట్టారు. అర్థమయ్యేలా, వీలైతే పెద్దక్షరాల్లో రాయండని 2016లో మళ్లీ సవరించారు. రెండు చీటీల మీదా ఆ ఒక్క పేరు ఉండి ఉంటే మా వంటింట్లోనే తేలిపోయేది. గవర్నమెంటు ఆసుపత్రిలో వందల మంది లైన్లో నిలబడి ఉంటే ఒక్కడే చూసే డాక్టరుని నేనొక్క మాట అనను. ఆరొందలు పుచ్చుకుని, స్థలాల బేరానికి టైముండి, 74 ఏళ్ల మనిషి మూట విప్పేదాకా ఆగలేకపోయారే! నాలుగు నెలలు గోడ పట్టుకుని నడిచింది మా అమ్మ. బాత్రూంలో పడి తుంటి విరిగి ఉంటే, అప్పుడూ మనసు విప్పి మాట్లాడమంటారా? మొహమాటపడకండి అని మాకు చెప్పడానికి సిగ్గుండాలి.

సిగ్గు మాట వచ్చింది కాబట్టి నాదీ చెప్పాలి. పండగ, బావ, గుండె డాక్టరు, ఆ వారంలోనే... మా అమ్మ మొదటి టేకులోనే చెప్పేసింది. కట్ అన్నది నేను.

ఫోన్ చేస్తే కాంపౌండరు ఎత్తి, లోపలికి వెళ్లొచ్చి, "ఒకటి ఆపేయమన్నారు, కొత్తది కూడా వద్దన్నారు" అన్నాడు. సాయంత్రం ఆసుపత్రి నుంచి మెసేజ్ వచ్చింది. మీ డాక్టరుతో మీ అనుభవానికి ఎన్ని స్టార్లు ఇస్తారు అని. నేను ఒకటి నొక్కబోతుంటే అమ్మ పక్కనుంచి చూసి చెయ్యి పట్టుకుంది.

"అయిదూ ఇచ్చెయ్యరా. మళ్లీ ఆయన దగ్గరికేగా వెళ్లాలి."